షానజర్ ఆర్పిన దీపం

జాబుల్ ఊరు దాటి జాహెదాన్ పట్నం పోయే రోడ్డెక్కగానే ఎడమచేతి వైపు వచ్చే టీకొట్టు నాది. దాని తర్వాత చాలా దూరం వరకూ మనిషన్నవాడు కాపురం పెట్టే చోటు లేదు. గాలి ఎక్కువైనప్పుడు పోలీసులు రోడ్డుకి అడ్డంగా దించే గేటు నా కొట్టుకి కూతవేటు దూరంలో ఉంటుంది. గేటు దిగితే నాకు బేరం. అందుకని డ్రైవర్లు నన్ను, బెహ్రాం గాలి కోసం మొక్కుకుంటాడని ఎగతాళి చేస్తారు. వాళ్ళ నోట్లో మట్టి పడ! ఎలాగూ పడుతూనే ఉంది లెండి.

వేసవంతా వీచే మా నూటఇరవై రోజుల గాలిని రేడియోలో ప్రకృతి వైపరీత్యం అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. గాలి మా తాతల కాలంలోనూ ఉంది. కానీ అప్పుడు హామూన్ సరస్సు మీదుగా వచ్చేది. కిటికీలకి ముళ్ళకంపల తడికలు కట్టి నీళ్ళు చిలకరిస్తే ఇల్లంతా చల్లబడేది. తర్వాత నది పైన ఎక్కడో ఆగిపోయింది. ఎవరు ఆపారంటే నా కొట్టులో వందమంది వంద పేర్లు చెబుతారు. నీళ్ళు పోయాక సరస్సు అడుగు బయటపడింది, గాలి దాన్ని పొడిపొడిగా ఎత్తి తెచ్చి మా మీద పోస్తోంది. ఇప్పుడు నేను గ్లాసులు తుడిస్తే గుడ్డకి అంటేది ఆ అడుగే. ఒక్కోసారి అందులో చేప పొలుసు కూడా మెరుస్తుంది.

షానజర్ ఆ సరస్సు మీద పుట్టినవాడు. సయ్యాద్‌లంటే చేపలు పట్టేవాళ్ళు, ఆ కులంలో వీళ్ళ నాన్నది పెద్ద పేరు. రెల్లు కట్టలు కట్టి చేసిన పడవలో నిలబడి పొడుగాటి గడతో తోసుకుంటూ పోయేవాడు షానజర్. నాకంటే పెద్దవాడు, నేను అన్నా అని పిలిచేవాణ్ణి. నీళ్ళు పోయాక పడవని ఏం చేశావన్నా అని అడిగితే, మేకలకి వేశానురా, రెండ్రోజులు తిన్నాయి అన్నాడు. తర్వాత ఒక పాత పేకాన్ కారు సంపాదించి జాబుల్ నుంచి జాహెదాన్‌కి మనుషుల్ని తిప్పడం మొదలుపెట్టాడు. నీళ్ళ మీద బతికినవాడు కదా, పక్క సీట్లో ఉన్నవాడితో కూడా అవతలి గట్టున ఉన్నవాడితో మాట్లాడినట్టు అరిచేవాడు. గేరు కర్రని గడ అనేవాడు. కారు ఎక్కేవాళ్ళని తూకం చూసి అటొకర్నీ ఇటొకర్నీ కూర్చోబెట్టేవాడు, లేకపోతే ఒరుగుతుందట.

ఆ కారు మీద ఒక పసుపు దీపం ఉండేది. వాళ్ళ నాన్న పడవ దీపం. దాని లోపల బల్బు పెట్టించి, తీగ బ్యాటరీకి కలిపి, కారు పైకప్పు మీద ఇనుప కడ్డీకి బిగించాడు. దూరం నుంచి చూస్తే ఏదో దర్గా నడిచొస్తున్నట్టు ఉండేది.

"అన్నా, నీ బండి ముందు చెప్పులు విప్పాలా?" అని అడిగేవాణ్ణి.

"చెప్పులొద్దు, ముందు టీతో చక్కెర గడ్డ ఇవ్వరా పిసినారీ," అనేవాడు.

ఆ దీపం సంగతి చెప్పకపోతే షానజర్ సంగతి అర్థం కాదు. సరస్సు మీద గాలి లేస్తే, దారి తెలియనివాడు తిరగకూడదు. ఉన్నచోటే ఆగాలి. గడ కొసకి దీపం కట్టి నిలబెట్టాలి. అది చూసిన ప్రతి పడవా దాని దగ్గరికే రావాలి. వచ్చినవాళ్ళు పడవకి పడవ కట్టుకుని, ఉన్న రొట్టె పంచుకుని, గాలి తగ్గేదాకా ఒకరినొకరు పట్టుకుని కూర్చునేవాళ్ళు. అది సయ్యాద్‌ల చట్టం. షానజర్ చిన్నప్పుడు ఒకడు గాలిలో నూనె దండగని దీపం ఆర్పేశాడు. ఆ దీపం చూసుకుంటూ వస్తున్న షానజర్ బాబాయి దారి తప్పి మునిగిపోయాడు. ఆర్పినవాడితో ఆ తర్వాత ఎవరూ ఒక కంచంలో తినలేదు. వాడి ఇంటికి పిల్లనివ్వలేదు, వాడి శవాన్ని మోయడానికి మనుషులు దొరకలేదు.

షానజర్ భార్య జర్‌ఖాతూన్. వలలు అల్లడంలో ఆమె వేళ్ళకి సాటి లేదు. నీళ్ళు పోయాక కూడా చాలా రోజులు వలలు అల్లుతూనే ఉంది, ఎందుకు వదినా అంటే చేతులు ఊరుకోవురా అనేది. ఆ ఇద్దరికీ పిల్లల్లేరు. ఊళ్ళో సగం మంది ఉత్తరాన నీళ్ళున్న చోట్లకి వలసపోయారు. వీళ్ళు పోలేదు. హామూన్ తిరిగొస్తుందని ఆమె నమ్మకం. ఆమె ఉన్నచోట తనుంటానని ఈయన నమ్మకం.

హామూన్ రాలేదు గానీ దాని దుమ్ము ఆమె ఛాతీలోకి వచ్చి కూర్చుంది. ముందు దగ్గు, తర్వాత ఆయాసం, తర్వాత పడుకుంటే ఊపిరాడని స్థితి. జాబుల్ డాక్టరు ఇక ఇక్కడ కాదు, మళ్ళీ ముదిరితే ఆలస్యం చెయ్యకుండా జాహెదాన్ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమన్నాడు.

"చూశావా బెహ్రాం, హామూన్ ఎక్కడికీ పోలేదు," అని ఆమె తన ఛాతీ తట్టుకుని నవ్వేది. "ఇక్కడుంది. నీళ్ళొక్కటే తక్కువ." ఆ నవ్వు వెంటనే దగ్గులోకి తిరిగేది. షానజర్ అటు తిరిగి కారు అద్దం తుడిచేవాడు.

ఆ వసంతంలో రోడ్డు పోలీసు జవాను ఒకడు కొత్తగా వచ్చాడు. గేటు పక్కన ఒక బోర్డు పాతించి, నా కొట్టులో ఉన్న డ్రైవర్లందరికీ దాన్ని చదివి వినిపించాడు. కుర్రాడే గానీ ఓపికమంతుడు.

"దుమ్ములో చిక్కుకుంటే తారు మీద ఆగొద్దు. వీలైనంత దూరం పక్కకి దిగిపోండి. దిగాక బండి దీపాలన్నీ ఆర్పెయ్యండి. బ్రేకు మీద కాలు కూడా తీసెయ్యండి, వెనక ఎర్రదీపం వెలుగుతుంది."

షానజర్ పళ్ళ మధ్య చక్కెర గడ్డ పెట్టుకుని టీ తాగుతున్నవాడల్లా ఆగాడు. "ఏంటేంటి? ఆర్పాలా?"

"అవును అయ్యా. వెనకొచ్చేవాడికి రోడ్డు కనపడదు. నీ దీపం ఒక్కటే కనపడుతుంది. అక్కడ రోడ్డుంది, ముందు బండి పోతోంది అనుకుని అదే పట్టుకుని వస్తాడు. వచ్చి గుద్దుతాడు."

"నా దీపం చూసి వచ్చేవాడు నా దగ్గర ఆగుతాడు నాయనా. గుద్దడానికి వాడికి నేనేమన్నా పగవాణ్ణా?"

"వాడు ఆగాలనుకునేలోపే అయిపోతుంది అయ్యా."

"దీపం ఆర్పి చీకట్లో నక్కడానికి నేను దొంగని కాదు," అని షానజర్ లేచి నిలబడ్డాడు. మొహం ఎర్రబడింది. "నువ్వు ఎవడి కొడుకువో నాకు తెలీదు. నీ ఊళ్ళో ఎట్లా బతుకుతారో నాకు తెలీదు. ఇక్కడ గాలిలో దీపం ఆర్పినవాణ్ణి మనిషని అనరు."

జవాను వెళ్ళిపోయాక నేనూ చెప్పి చూశాను. "అన్నా, పడవ మెల్లగా వస్తుంది, గడ నేలకి ఆనిస్తే ఆగుతుంది. లారీ అట్లా ఆగుద్దా? దాని నెత్తిన కొండంత బరువుంటుంది."

"బరువుంటే ఏం, తోలేవాడు మనిషే కదరా."

"మనిషే. కళ్ళల్లో దుమ్ము పడ్డ మనిషి."

"అందుకే కదా వాడికి దీపం కావాలి!" అన్నాడు, నేను ఓడిపోయినట్టు. ఆయన వాదనలో తప్పు పట్టుకోవడానికి నాకు చిక్కలేదు. తప్పు ఆ వాదనలో లేదు, కిందున్న నేలలో ఉంది. నీళ్ళున్న చోట పుట్టిన ధర్మాన్ని ఆ మనిషి తారు మీదికి ఎక్కించాడు.

ఆ వేసవి నడిమధ్యలో ఒకరోజు పొద్దున్నే గాలి పడిపోయింది. అది మంచి శకునం అనుకునేవాళ్ళు పైఊరి వాళ్ళు. మేం అనుకోం. పొద్దున ఊపిరి బిగబట్టిన గాలి మధ్యాహ్నానికి రెట్టింపై లేస్తుంది. గేటు ఎత్తే ఉంది. పేకాన్ వచ్చి నా కొట్టు ముందాగింది. వెనక సీట్లో దిళ్ళు పేర్చి, వాటికి ఆనించి జర్‌ఖాతూన్ వదిన కూర్చుని ఉంది. పెదవులు నీలంగా ఉన్నాయి. ప్రతి ఊపిరికీ భుజాలు పైకి లేస్తున్నాయి.

షానజర్ ఫ్లాస్కు నా చేతిలో పెట్టాడు. "నింపరా. త్వరగా."

"అన్నా, ఇవాళ వద్దు. గాలి ఎట్లా ఆగిందో చూశావుగా. మధ్యాహ్నం లేస్తుంది. నువ్వు సరిగ్గా ఆ ఎండిన నేల మీద ఉంటావు అప్పటికి."

"తెలుసురా."

"తెలిస్తే ఆగు."

"నాకు తెలుసు. ఆమె ఊపిరికి తెలీదుగా." ఆయన గొంతు ఎప్పుడూ లేనంత మెల్లగా ఉంది. అది విని నాకు భయం వేసింది. "రాత్రంతా కూర్చునే ఉంది బెహ్రాం. రేపటిదాకా ఉండదు."

అంబులెన్సుకి చెప్పావా అంటే, చెప్పాడట, ఉన్న ఒక్కటీ ఇంకెవర్నో తీసుకుని వెళ్ళిందట. నేను ఫ్లాస్కు నింపాను, రెండు రొట్టెలు గుడ్డలో చుట్టి ఇచ్చాను. వదిన వేళ్ళు ఎత్తి నన్ను దగ్గరికి పిలిచింది.

"ఉప్పు చేప లేదా నీ దగ్గర?" అంది, మాటకీ మాటకీ మధ్య ఆగుతూ.

"ఎక్కడిది వదినా? తిరిగొచ్చేసరికి తెప్పిస్తా."

"హామూన్ చేపే కావాలి. సముద్రం చేప ఒద్దు," అని కళ్ళతోనే నవ్వింది. ఆమెతో నేను మాట్లాడింది అదే ఆఖరు.

తర్వాత జరిగింది నాకు షానజరే చెప్పాడు. ఒక్కసారే చెప్పాడు, కొంత మింగేసి.

గాలి నేననుకున్న చోటే పట్టుకుంది. ముందు రోడ్డు మీద తెల్లటి పాములు పాకినట్టు దుమ్ము అడ్డంగా పారింది. తర్వాత ఎదుట గోడ లేచింది. బానెట్ కూడా కనపడలేదు. పక్కకి దిగుదామన్నా ఎక్కడ గుంతో ఎక్కడ ఇసుక మేటో తెలీదు, ఇసుకలో దిగబడితే ఆమెని ఎట్లా తీసుకెళ్ళేది? చిన్నప్పటి నుంచీ ఒంట్లో ఇంకిన మాట ఒకటుంది, ఉన్నచోటే ఆగమని. ఆగాడు, సగం తారు మీద, సగం మట్టి మీద. కారు దీపాలన్నీ వేశాడు. పైన పసుపు దీపం వెలిగించాడు.

"దీపం పెట్టావా?" అని అడిగింది వదిన. ఆమె కూడా సయ్యాద్ పిల్లే.

"పెట్టాను."

కాసేపటికి వెనక ఒక బండి వచ్చి మెల్లగా ఆగింది. ఖర్బూజా కాయలు వేసుకొస్తున్న పికప్. అందులో బలూచీ అన్నదమ్ములిద్దరు. వాళ్ళలో పెద్దవాడు గాలికి వంగి నడుచుకుంటూ వచ్చి షానజర్ కిటికీ తట్టాడు. "నీ దీపం లేకపోతే ఎడారిలోకి పోయేవాళ్ళం బాబాయ్! దేవుడు నీ ఇల్లు నిలబెట్టాలి!" అని అరిచాడు.

ఇంకాసేపటికి మరో కారు. బడిపంతులు ఒకతను, ఒక్కడే. అతనూ దీపం చూసే వచ్చాడు. పికప్ వెనకాల ఆగాడు.

"ఎవరన్నా వచ్చారా?" అంది వదిన.

"ముగ్గురొచ్చారు."

"టీ ఇయ్యి వాళ్ళకి," అంది.

ఇది చెబుతున్నప్పుడు షానజర్ మొహం నేను చూశాను. ఆ ఒక్క నిమిషం ఆ మనిషి సంతోషంగా ఉన్నాడు. నీళ్ళు పోయాక మొదటిసారి ఆయన దీపం చుట్టూ పడవలు చేరాయి. ఫ్లాస్కు చంకలో పెట్టుకుని, బళ్ళ పక్కనే చేత్తో తడుముకుంటూ వెనక్కి నడిచాడు. పికప్ వాళ్ళకి మూతలో టీ పోసిచ్చాడు. ఆఖరి కారు దగ్గరికెళ్ళి పంతులు కిటికీ తట్టాడు. పంతులు అద్దం దించుతున్నాడు.

గాలి హోరులో లారీ చప్పుడు వినపడలేదు. సిమెంటు బస్తాల లారీ. పంతులు కారుని పికప్ మీదికి, పికప్‌ని పేకాన్ మీదికి తోసుకుంటూ పోయి ఆగింది. షానజర్ చెయ్యి మీద నుంచి ఆ కారు తలుపు జారిపోయింది, అంతే. ఆయన ఒంటి మీద గీత పడలేదు. పంతులు పోయాడు. అన్నదమ్ముల్లో పెద్దవాడు పోయాడు.

లారీ డ్రైవరు కెర్మాన్ మనిషి. తర్వాత పోలీసులు అతన్ని నా కొట్టులోనే కూర్చోబెట్టి అడిగారు. "నేను జోరుగా రాలేదయ్యా," అన్నాడు. "ముందు దీపాలు కనపడ్డాయి. పైన ఒక పసుపు దీపం. బళ్ళు వరసగా పోతున్నాయి, హమ్మయ్య రోడ్డు దొరికింది అనుకున్నాను. వాటినే పట్టుకుని వచ్చాను." వసంతంలో ఆ జవాను చెప్పిన మాటే. ఆ డ్రైవరు గేటు పక్కన బోర్డు చూడనే లేదు.

షానజర్ పాక్కుంటూ ముందుకి వచ్చాడు. పేకాన్ వెనక భాగం ముందు సీట్లలోకి వచ్చేసింది. పైన కడ్డీ వంగింది గానీ పసుపు దీపం మాత్రం వెలుగుతూనే ఉంది. దుమ్ములో దూరంగా ఇంకో హారన్ వినపడింది. ఎవరో మళ్ళీ దీపం చూసుకుంటూ వస్తున్నారు. ఆయన ఒక రాయి తీసుకున్నాడు. తండ్రి దీపాన్ని పగలగొట్టాడు. బ్యాటరీ తీగ పీకేశాడు. పరుగెత్తి పికప్ వెనక ఎర్రదీపాలు, పంతులు కారు దీపాలు కూడా రాయితో కొట్టాడు. లారీ డ్రైవర్ని కాలర్ పట్టుకుని లారీ దీపాలు ఆర్పించాడు. ఆ వచ్చేది బస్సు. దారి కనపడక, దీపమేదీ లేక, ఇంకా వెనకే రోడ్డు దిగి ఆగిపోయింది. నిండా మనుషులున్నారు. వాళ్ళల్లో ఒక్కరికీ ఏమీ కాలేదు. తాము ఎందుకు బతికామో కూడా వాళ్ళకి తెలీదు.

గాలి తగ్గి పోలీసులతో మేం పోయేసరికి షానజర్ నలిగిన కారు పక్కన కూర్చుని ఉన్నాడు. కిటికీలోంచి చెయ్యి లోపలికి పెట్టి వదిన చెయ్యి పట్టుకున్నాడు. మేం ఎంత చెప్పినా వదల్లేదు. ఇద్దరం పట్టి విడదీయాల్సి వచ్చింది.

జర్‌ఖాతూన్ వదినని ఊళ్ళోనే మట్టి చేశాం. కబురంది సయ్యాద్ పెద్దలు వచ్చారు. ఉత్తరానికి వలసపోయినవాళ్ళు కూడా బస్సులెక్కి వచ్చారు. షానజర్‌ని కౌగిలించుకుని ఏడ్చారు. చచ్చిపోయినవాళ్ళ గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు, దేవుడు రాసిపెట్టింది అన్నారు. దీపం పెట్టి మనిషిలా నిలబడ్డావు, మన పరువు నిలబెట్టావు అన్నారు. బతికిన బలూచీ తమ్ముడు కూడా కట్టు కట్టిన తలతో పరామర్శకి వచ్చి ఒక మూల కూర్చున్నాడు. ఏదో మాటల్లో, తర్వాత బాబాయే దీపాలన్నీ పగలగొట్టాడు, అందుకే బస్సు ఆగింది అన్నాడు. షానజర్‌ని మెచ్చుకుంటూనే అన్నాడు పాపం.

పెద్దాయన గంజ్‌అలీ, షానజర్ నాన్నతో కలిసి వేట చేసినవాడు, తన గడ్డం పట్టుకుని అడిగాడు. "నిజమేనా నాయనా? గాలి ఉండగానే ఆర్పావా?"

"ఆర్పాను బాబాయ్."

"అవతల దారి తప్పినవాడు ఉన్నాడని తెలిసీనా?"

"తెలిసే ఆర్పాను."

అన్నం పళ్ళేలు అప్పుడే తెచ్చి పెట్టారు. గంజ్‌అలీ చెయ్యి కడుక్కున్నవాడు కడుక్కున్నట్టే లేచాడు. ఆయన వెనక మిగతావాళ్ళు. ఆ ఇంట్లో అన్నం ముట్టకుండా, గుమ్మంలో చెప్పులు వెతుక్కుంటూ ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. నాకు ఒళ్ళు తెలియలేదు. వాకిట్లోకి పరుగెత్తి అరిచాను. "మీ సరస్సు చచ్చింది! మీ చట్టం ఎందుకు చావలేదు? ముగ్గుర్ని చంపిన దీపం మంచిదీ, బస్సెడు జనాన్ని కాపాడిన చీకటి చెడ్డదీనా?" గంజ్‌అలీ వెనక్కి తిరిగి నా వైపు జాలిగా చూశాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళున్నాయి. ఆ ముసలాయనకి ఆ చట్టం తప్ప ఇంకేం మిగల్లేదు. దాన్ని వదిలితే తను సయ్యాద్‌నని చెప్పుకోవడానికి ఒక్క చేప కూడా లేదు.

షానజర్ ఇప్పుడు కారు తోలడు. గాలి లేచిన రోజు మాత్రం నడుచుకుంటూ నా కొట్టుకి వస్తాడు. మాట్లాడకుండా వచ్చి బయట బోర్డు బల్బు ఆర్పుతాడు, లోపలి బల్బు ఆర్పుతాడు, టీ నీళ్ళు కాగే సమోవర్ కింద మంట కనపడకుండా రేకు అడ్డం పెడతాడు. నా బేరం పాడవుతుంది. పాడవనీ అనుకుంటాను. ఆ మసకలో ఇద్దరం కూర్చుంటాం. అరిచి మాట్లాడే ఆ మనిషి గొంతు ఇప్పుడు వినాలంటే నేను ముందుకు వంగాలి.

మొన్న గాలిలో తనంతట తనే నోరు విప్పాడు.

"బెహ్రాం, ఆ రోజు నేను దీపం పగలగొట్టి వచ్చి కూర్చున్నాక కూడా ఆమెకి ఊపిరుందిరా."

నేను ముందుకు వంగాను.

"కళ్ళు తెరవలేదు. దీపం వెలుగుతోందా అని అడిగింది."

గాలి రేకుల మీద ఇసుక విసిరి కొడుతోంది. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు, ఆ రోజు కిటికీలోంచి ఆమె చెయ్యి పట్టుకున్నంత గట్టిగా.

"వెలుగుతోందని చెప్పాను. అయితే ఎవరో ఒకరు వస్తార్లే, భయం లేదు అంది. ఎదురుచూస్తూనే పోయింది."